నక్కకు ఏ తూటా సరిపోతుంది?



కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న మన రాయచూరు సీమలో నక్క కూత వినని ఊరు లేదు. లింగసుగూరు, దేవదుర్గ తాలూకాలలో మందలోని గొర్రెపిల్ల తెల్లవారేసరికి కనబడదు. సింధనూరు, మాన్వి క్యాంపులలో చెరకు, మొక్కజొన్న, పుచ్చకాయ తోటలకు నష్టం జరుగుతుంది. అప్పుడు లైసెన్సు తుపాకీ ఉన్న ఇంటికి వెళ్ళి నలుగురూ అడిగే మాట ఒకటే. "నక్కకు ఏ తూటా వేస్తే సరిపోతుందండీ?" ఈ రోజు ఆ ప్రశ్ననే కొంచెం నింపాదిగా ఆలోచిద్దాం.

ముందుగా ఒక మాట. తూటా వేరు, గుండు వేరు. ఇత్తడి గొట్టం, అడుగున టోపీ, లోపల మందు, కొసన గుండు, ఇవన్నీ కలిస్తే తూటా. తుపాకీ నుంచి బయటికి దూసుకుపోయేది గుండు మాత్రమే. తూటా ఎంపిక అంటే ఆ గుండు ఎంత బరువుండాలి, ఎంత వేగంతో పోవాలి, తగిలిన తరువాత ఏమి కావాలి అని నిర్ణయించుకోవడమే.

ఈ లెక్కను బాగా వేసినవారు అమెరికా పశువుల కాపరులు. అక్కడ కొయోట్ అనే జంతువు ఉంది. మన నక్కకు దగ్గరి చుట్టం, దానికంటే కాస్త పెద్దది. దాన్ని వేటాడడానికి వారు .223 వంటి రైఫిలు తూటాలు వాడతారు. గుండు బరువు మూడున్నర గ్రాములు మాత్రమే. వేగం సెకనుకు దాదాపు వెయ్యి మీటర్లు. ఇంత తేలిక గుండును ఎందుకు ఎంచుకున్నారు? పలుచని తొడుగు గల ఆ గుండు జంతువు ఒంట్లో దిగగానే పగిలి ముక్కలవుతుంది. జంతువు అక్కడికక్కడే పడిపోతుంది. గుండు అవతలికి దూసుకుపోయే ప్రమాదం తగ్గుతుంది. అంటే, మంచి తూటా అంటే చంపేది మాత్రమే కాదు, తగిలిన చోటే ఆగిపోయేది కూడా. అయినా గురి తప్పిన గుండుకు ఈ సుగుణం లేదని మరువకండి.

మరి మన సంగతి ఏమిటి? సైన్యం వాడే కొలత తూటాలను మన దేశంలో సామాన్యులకు ఇవ్వరు. 1959 ఆయుధాల చట్టం పంట కాపలా కోసమని పేరు పెట్టి చెప్పింది నోటి నుంచి మందు కూరే తుపాకీని. ఆత్మరక్షణకు ఇచ్చేది ఎక్కువగా పన్నెండు బోరు తుపాకీ. కొద్దిమంది దగ్గర .315 రైఫిలు ఉంటుంది.

పన్నెండు బోరు తూటాలో ఒక్క గుండు కాక, సీసపు రవ్వలు ఉంటాయి. నలభై గజాల దూరానికి అవి గజం వెడల్పున చెదిరిపోతాయి. ఎస్.జి. తూటాలో ఉండేవి ఎనిమిదో తొమ్మిదో పెద్ద రవ్వలు. గజం వెడల్పు చోటులో పది కిలోలైనా తూగని సన్నని నక్కకు తగిలేవి ఒకటో రెండో. చిన్న రవ్వల తూటా వేస్తే ఎక్కువే తగులుతాయి కాని లోతుకు దిగవు. రెండు విధాలా నక్క గాయపడి పొదల్లోకి పోయి, రోజుల తరబడి కుళ్ళి చస్తుంది. ఇక .315 గుండు బరువు పదహారు గ్రాముల వరకు ఉంటుంది. పెద్ద జంతువుకు తగిన గుండు అది. నక్క ఒంట్లో ఆగదు, అవతలికి దూసుకుపోతుంది.

అవతల ఏముంది? అదీ అసలు ప్రశ్న. మన నల్లరేగడి చేలు బల్లపరుపుగా ఉంటాయి. గుండును ఆపడానికి వెనుక మట్టి దిబ్బ ఉండదు. ఉన్నచోట ఉన్నది బండరాళ్ళ గుట్ట, రాతికి తగిలిన గుండు ఎటు మళ్ళుతుందో ఎవరూ చెప్పలేరు. చిన్న .22 గుండు సైతం కిలోమీటరు దాటి పోగలదు. పెద్ద రైఫిలు గుండు మూడు కిలోమీటర్లు పోగలదు. ఆ దారిలో క్యాంపు ఇళ్ళున్నాయి, కల్లంలో ధాన్యానికి కాపలా పడుకున్న మనుషులున్నారు, కంబళి కప్పుకుని మంద పక్కన ఒరిగిన కాపరి ఉన్నాడు. చీకట్లో మెరిసే రెండు కళ్ళు నక్కవో, కుక్కవో, మేకవో టార్చి వెలుగులో తేల్చలేం.

ఇక చట్టం సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నిషిద్ధం. తోడేలు ఎప్పటినుంచో మొదటి షెడ్యూలులో ఉంది. 2022లో చేసిన సవరణతో నక్క కూడా అందులో చేరింది. మొదటి షెడ్యూలు జంతువును చంపితే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు, పైన జరిమానా. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆత్మరక్షణకు చేసింది నేరం కాదు కాని, గొర్రెపిల్ల పోయిందన్న కారణం చాలదు. తుపాకీ లైసెన్సు ఉండడం వేటకు అనుమతి ఉండడం కాదు.

మనం సరిహద్దు జిల్లా వాళ్ళం గనుక మరో హెచ్చరిక. లైసెన్సు ఏ ప్రాంతంలో చెల్లుతుందో దాని మీదే రాసి ఉంటుంది. కర్ణాటక వరకే చెల్లే లైసెన్సుతో కృష్ణ దాటి తెలంగాణలోని బంధువుల చేనికో, తుంగభద్ర దాటి ఆంధ్రలోని మంత్రాలయం వైపో తుపాకీ పట్టుకుపోతే అది నేరం. అడవిపందుల విషయంలో కూడా అవతలి రాష్ట్రంలో అనుమతి ఇచ్చారని విని ఇవతల తుపాకీ ఎత్తకండి. మీ రేంజి అటవీ అధికారిని అడిగి, రాతపూర్వకంగా అనుమతి ఉంటేనే ముందడుగు వేయండి.

తుపాకీ వద్దు కదా అని కరెంటు తీగ పరచడం, ఎరలో నాటు బాంబు పెట్టడం, విషం కలపడం అంతకన్నా ఘోరం. వాటికి నక్కా తెలియదు, ఎద్దూ తెలియదు, పొద్దున్నే నీరు కట్టడానికి వచ్చే పాలేరూ తెలియదు.

మరి గొర్రెపిల్లను ఎలా కాపాడుకోవాలి? ముందు దొంగ ఎవరో తేల్చండి. గొంతు దగ్గర కోరల గుర్తులుంటే అడవి మృగం కావచ్చు. తొడలు, తోక వైపు చీల్చి, ఒకే రాత్రి నాలుగైదింటిని చంపి తినకుండా వదిలేస్తే, అది చాలాసార్లు ఊరకుక్కల పని. ఊరి బయట పడేసిన పశువుల కళేబరాలు, కోళ్ళ వ్యర్థాలు కుక్కలనూ నక్కలనూ కూడా పిలుస్తాయి. వాటిని లోతుగా పాతిపెట్టండి.

రాత్రివేళ మంద చుట్టూ వల గట్టిగా బిగించండి. ఈనిన గొర్రెలను, పిల్లలను నడిమధ్యన ఉంచండి. పిల్లలను గంపల కింద కప్పిపెట్టే పాత అలవాటు ఇప్పటికీ మంచిదే. చిన్నప్పటినుంచి మందలోనే పెరిగిన రెండు కుక్కలు ఒక తుపాకీ కంటే మేలు. వాటి మెడకు ముళ్ళ పట్టీ కట్టండి, ఏటేటా పిచ్చికుక్క టీకా వేయించండి. నష్టం జరిగితే కళేబరాన్ని కదపకుండా ఫోటో తీసి, పశువైద్యుని చేత పరీక్ష చేయించి, అటవీ శాఖకు పరిహారం కోసం దరఖాస్తు పెట్టండి.

పట్టపగలు బెదురు లేకుండా మనుషుల మీదికి వచ్చే నక్కను అనుమానించండి. దానికి రేబిస్ ఉండవచ్చు. కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి టీకాతో పాటు సీరం కూడా అడగండి. పసరు మందు కోసం ఒక్క రోజు కూడా ఆగకండి.

అమెరికాలో ప్రభుత్వమే ఏటా యాభై వేలకు పైగా కొయోట్లను చంపుతూ వచ్చింది. అంత మంచి తూటాలున్నా అవి తరగలేదు. ఒకప్పుడు పడమటి మైదానాలకే పరిమితమైన జంతువు నేడు ఆ దేశమంతటా పాకింది. అక్కడి కాపరులు కూడా కావలి కుక్కలను పెంచుతున్నారు. మన నక్కేమో వరి గట్ల మీద ఎలుకలను, పందికొక్కులను తిని, మనం గమనించని మేలు కూడా చేస్తోంది.

కాబట్టి శ్రోతలారా, నక్కకు ఏ తూటా అని ఎవరైనా అడిగితే, వల గట్టిగా ఉందా, కుక్క మెలకువగా ఉందా అని తిరిగి అడగండి. తుపాకీ ఉన్నవారు దాన్ని ఖాళీ చేసి, తూటాలను వేరే పెట్టెలో పెట్టి, పిల్లలకు అందకుండా తాళం వేయండి.