ఊరులేని నియోజకవర్గము

ఓటు మనిషిదా, మట్టిదా? ఈ ప్రశ్న మనకు వింతగా తోచవచ్చును. కాని ఇంగ్లండులోని ఓల్డ్ సారమ్ నియోజకవర్గములో అది శతాబ్దాలపాటు మట్టిదే.

సాల్స్‌బరీ సమీపమున ఒక గుట్టమీద అది ఒకప్పుడు కోటయు, పెద్ద చర్చియు గల పట్టణము. 1220లో దిగువ మైదానమున కొత్త చర్చికి పునాది పడినది. జనము క్రమముగా అక్కడికి తరలినారు. ఊరు పాడుపడినది, పార్లమెంటులో దాని రెండు స్థానములు మాత్రము నిలిచినవి.

ఓటుహక్కు భూమిని అంటిపెట్టుకొని ఉండుటచే, భూమిని కొన్నవారు స్థానములనుగూడ కొన్నట్లే. అట్లు కొన్నవారిలో థామస్ పిట్ మనకు పరాయివాడు కాడు. 1698 నుండి 1709 వరకు చెన్నపట్టణమున గవర్నరు. మన కృష్ణాతీరపు గనిలో దొరికిన సుప్రసిద్ధ వజ్రమును 1702లో కొని, 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్మినవాడు ఈయనయే. తరువాత ప్రధానమంత్రియైన ఆయన మనుమడు విలియం పిట్ 1735లో ఓల్డ్ సారమ్ నుండియే పార్లమెంటులో అడుగుపెట్టినాడు.

కడపటి రోజులలో అక్కడి ఓటర్లు పట్టుమని 12 మంది లేరు. ఉన్నవారికైనను అక్కడ కాపురము లేదు. లక్షకు పైగా జనమున్న మాంచెస్టరునకు అప్పుడు సొంత ప్రతినిధియే లేడు. 1832 సంస్కరణ చట్టము ఓల్డ్ సారమును రద్దుచేసి, మాంచెస్టరునకు రెండు స్థానములిచ్చినది.

నియోజకవర్గపు ఎల్లలు మారి మన ఊరి పేరు తొలగినప్పుడు మనము నొచ్చుకొందుము. అది సహజమే. కాని పేరు నిలిచి, మనుషులు లెక్కలోనికి రాకపోవుట అంతకంటె పెద్ద నష్టమని ఆ గుట్ట మనకు చెప్పుచున్నది.