చెరలో పోయిన ప్రాణానికి పూచీ ఎవరిది?



ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లాలో 1987 డిసెంబరు 1న పోలీసులు సుమన్ బెహరా అనే 22 ఏళ్ల యువకుణ్ణి పట్టుకుపోయారు. మరునాడు అతని శవం రైలు పట్టాల మీద దొరికింది. తప్పించుకుపోయి రైలు కింద పడ్డాడని పోలీసులన్నారు. తల్లి నీలాబతి సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది. కోర్టు దానినే రిట్ పిటిషనుగా స్వీకరించి, జిల్లా జడ్జి చేత విచారణ జరిపించింది. పోలీసుల మాట నిలవలేదు. 1993లో ఆమెకు లక్షా యాభై వేల రూపాయల పరిహారం దక్కింది. ఆ తీర్పులో నాకు సొమ్ముకంటే సూత్రమే ముఖ్యం: నిర్బంధించినవారే ప్రాణానికి పూచీ.

నిర్బంధంలో ఎవరు మరణించినా జుడిషియల్ మేజిస్ట్రేటు విచారణ జరపాలని 2005 నాటి సవరణ నిర్దేశించింది. నేటి నాగరిక సురక్షా సంహితలో అది 196వ సెక్షను. పోలీసు లాకప్పుకే కాదు, జైలుకూ అది వర్తిస్తుంది. అయినా 2015లో నమోదైన 97 పోలీసు కస్టడీ మరణాలలో న్యాయవిచారణ జరిగినవి 31 మాత్రమే.

ఇక జైళ్ల సంగతి. 2017 నుండి 2021 వరకు దేశంలోని జైళ్లలో సంభవించిన 817 అసహజ మరణాలలో 660 ఆత్మహత్యలని సుప్రీంకోర్టు నియమించిన కమిటీ తేల్చింది. ‘ఆత్మహత్య’ అని రాయగానే విచారణ ముగిసిపోరాదు. అసలు ప్రశ్నలు అక్కడే మొదలవుతాయి. జైలులో చేర్చుకున్న రోజున వైద్యుడు అతని మానసిక స్థితిని పరీక్షించాడా? దిగులుతో ఉన్నవాణ్ణి ఒంటరిగా ఎందుకుంచారు? ఆ రాత్రి కాపలా ఎవరిది? ఇంటివారిని కలవనిచ్చారా? జవాబులు రాబట్టని విచారణ ఒక కాగితం మాత్రమే.

మనవంటి పొరుగు రాష్ట్రాల తెలుగువారికి మరొక చిక్కున్నది. బంధువులకు కబురు చేసి, వీలైనంతవరకు విచారణలో కూర్చోనివ్వాలని అదే చట్టం చెబుతోంది. కాని ఒరియాలోనో, తమిళంలోనో, కన్నడంలోనో సాగే విచారణలో అర్థంకాని వాంగ్మూలానికి వేలిముద్ర వేసే తల్లి అక్కడ ఉండీ లేనట్టే. దుఃఖంలో ఉన్న మనిషికి పరాయి భాషలో సరిగా జవాబు చెప్పడం సాధ్యమా?

కనుక నా మనవి ఇది. ఇటువంటి ఆపద ఏ ఇంట కలిగినా ఆ కుటుంబాన్ని ఒంటరిగా పంపకండి. రెండు భాషలూ తెలిసిన ఒకరు వెంట నడవండి. మేజిస్ట్రేటు విచారణ కావాలని రాసి అడగండి. శవపరీక్ష నివేదిక ప్రతి కోరండి. చెప్పిన మాట తెలుగులో చదివి వినిపించనిదే సంతకం పెట్టనీయకండి. ఒక తల్లి ఉత్తరం సుప్రీంకోర్టును కదిలించింది. మన ఊరి తల్లి మాట కనీసం మేజిస్ట్రేటు చెవినైనా పడాలి కదా!