మన ఆరోగ్యం: సర్కారు బాధ్యత ఎంత, మన బాధ్యత ఎంత?

(బొంరాస్‌పేటలో సంత్ సేవాలాల్ మహరాజ్ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మాట ఎత్తితే రెండు వాదాలు వినబడతాయి. సర్కారు దవాఖానలో ఎవరూ పట్టించుకోరని మనవాళ్లంటారు. తండావాళ్లకు శ్రద్ధ లేదు, జబ్బు ముదిరాకే వస్తారని దవాఖానవాళ్లంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ పంట ఇంటికొచ్చాక మన తండాల్లో ఎన్నో ఇళ్లకు తాళాలు పడతాయన్న సంగతి ఇద్దరూ మరిచిపోతారు. అప్పుడు మనవాళ్లు పుణె, ముంబై పనుల్లో ఉంటారు.

ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్ పరీక్షలు సర్కారు ఉచితంగా చేస్తుంది. గోలీలూ ఉచితమే. అయితే అవి అయిపోయినప్పుడల్లా మళ్లీ పోయి తెచ్చుకోవాలి. పుణెలో ఇటుకలు మోసే మనిషి గోలీల కోసం బొంరాస్‌పేట దాకా ఎట్లా వస్తాడు? అక్కడే మెడికల్ షాపులో కొంటాడు. తల తిరగడం తగ్గగానే ఆపేస్తాడు. బీపీ నొప్పి పుట్టించదు, అదే దాని మోసం. కొన్నేళ్లకు కిడ్నీలు పోయాయని తెలుస్తుంది.

అప్పుడు ఆరోగ్యశ్రీ గుర్తొస్తుంది. 2007 ఏప్రిల్‌లో ఆ పథకం మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. బొంరాస్‌పేట అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది. 2023 డిసెంబరులో దాని పరిమితిని 10 లక్షలకు పెంచారు. పేదవాడికి పెద్ద ప్రైవేటు దవాఖాన తలుపు తెరిచింది ఆ పథకమే, కాదనను. డయాలసిస్ కూడా అందులో ఉంది. కానీ ఊళ్లో జ్వరానికి కట్టే ఓపీ ఫీజు, బయట కొనే మందులు, ఆటో కిరాయి, తోడు వచ్చినవాళ్ల తిండి, పోయిన కూలి అందులోకి రావు. మిత్తికి తెచ్చే అప్పు చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది. కిడ్నీలు పోయాక లక్షలు కట్టే సర్కారు, పోకముందు వలస పోయే మనిషి చేతిలో మూడు నెలల గోలీలు ఒకేసారి పెట్టలేదా? నేను అడిగేది ఇదొక్కటే.

చేయగలదని టీబీ చూపిస్తోంది. మన అనంతగిరి గుట్ట మీది టీబీ దవాఖాన నిజాం కాలం నాటిది. ఆ రోజుల్లో మంచి గాలి కోసం రోగులను గుట్ట మీద నెలల తరబడి ఉంచేవారు. ఇప్పుడు మామూలు టీబీకి ఇంటి దగ్గరే ఆరు నెలల మందులు. రోగికి నిక్షయ్ నంబరు ఇస్తారు. మహారాష్ట్రకు పోయినా ఆ నంబరు మీద కేసును అక్కడికి మార్చి మందులు ఇవ్వొచ్చు. బీపీ, షుగర్‌కూ అంత గట్టి ఏర్పాటు కావాలి.

ఇక ఆరెంపీ సంగతి. ఆయన దగ్గరికి పోవడం అజ్ఞానమని నేననను. రాత్రి పదింటికైనా వస్తాడు, పేరు పెట్టి పిలుస్తాడు, ఉద్దెర పెడతాడు. దవాఖానలో పేరు పెట్టి పిలిచే మనిషి ఎంతమందికి దొరికారు? అయితే ప్రతి నీరసానికీ గ్లూకోజ్ ఎక్కించుకోవడం మాత్రం మన తప్పే. సారా తాగి, ఆ మీద బీపీ గోలీ వేసుకుంటే ఏ డాక్టరూ కాపాడలేడు. యాడీలారా, ఈ మాట మీ ఇంట్లో మీరే గట్టిగా చెప్పాలి.

దవాఖానలో అడగడానికి జంకకండి. 1992లో బెంగాల్‌లో హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ రైలు నుంచి పడ్డాడు. తలకు దెబ్బ. సర్కారు దవాఖానలు మంచాలు లేవని తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటులో 17,000 ఖర్చయింది. 1996లో సుప్రీంకోర్టు, అత్యవసర వైద్యం అందించకపోవడం బతికే హక్కును కాలరాయడమేనని తీర్పు చెప్పి, 25,000 పరిహారం ఇప్పించింది. అడిగినవాళ్లు కూలీ సంఘం వాళ్లు. ఒక్కడు అడిగితే కసురుకుంటారు, సంఘం అడిగితే కుర్చీ వేస్తారు.

2018 నుంచి మన తండాలు చాలా వరకు గ్రామ పంచాయతీలయ్యాయి. గ్రామసభలో మొదట దీపాలు, డ్రైనేజీ అడుగుతాం, మంచిదే. ఈసారి వలస పోయే బీపీ, షుగర్ వాళ్ల జాబితా కూడా పెట్టి తీర్మానం చేయించండి. దాన్ని ఏఎన్ఎం అమ్మకు, డాక్టరుగారికి ఇద్దాం. మేస్త్రీలు కూడా తమ గుంపులో ఎవరు గోలీలు వాడుతున్నారో రాసి ఇవ్వాలి. తండాకు ఇద్దరు చదువుకున్న పిల్లలు చాలు. సభ అయ్యాక పేర్లు ఇవ్వండి, నేను ఇక్కడే కూర్చుంటాను.

రాం రాం.