మేడిపండు విప్పి చూద్దాం

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



మేము పురుగుల గురించి మాట్లాడతామంటే నిర్వాహకులు కొంచెం నవ్వారు. ఆగస్టు 9న అందరూ అల్లూరి గురించి, కొమురం భీం గురించి, అడవి హక్కుల గురించి మాట్లాడతారు. మధ్యలో ఈ పురుగులేమిటని వారి సందేహం. దానికి కారణం మేము చేసిన ఒక తప్పు. ముందు అది చెప్పేస్తాం.

కొన్నేళ్ళ కిందట మేము పనిచేసిన హాస్టల్ వెనక, వాగు గట్టున రెండు మేడి చెట్లు ఉండేవి. కాపు వచ్చిందంటే మాను నిండా గుత్తులే. పండ్లు రాలి కుళ్ళేవి, ఈగలు ముసిరేవి. పిల్లలు వాటినే ఏరుకుని తినేవారు. పురుగు పండ్లు తిని ఏ పిల్లకైనా వాంతులైతే జవాబు చెప్పాల్సింది మేమే కదా. వంటగదికి దగ్గరున్న చెట్టును కొట్టించేశాం. కట్టెలు పొయ్యిలోకి పోయాయి. అంతా కలిపి ఒక పూట పని.

తర్వాతి వారం స్టడీ అవర్లో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె మిగిలిన చెట్టు నుంచి కాయ తెచ్చి మా ముందు విప్పింది. ఆవగింజంత పురుగులు బిలబిలమంటూ బయటికొచ్చాయి. "మేడమ్, కాయకు బయట ఎక్కడా పుచ్చు లేదు. మరి ఇవి లోపలికి ఎలా వెళ్ళాయి?" అని అడిగింది. మేము బి.ఎడ్. చేశాం, జీవశాస్త్రం చెప్పడానికే శిక్షణ పొందాం. అయినా మాకు జవాబు తెలియలేదు. రేపు చెబుతామన్నాం. చెప్పడానికి పది రోజులు పట్టింది. ఎందుకంటే ఆ ఒక్క కాయ కోసం కోట్ల ఏళ్ళ వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది.

ముందు లెక్క చూద్దాం. ఆరు కాళ్ళుంటేనే కీటకం. తొలకరికి ఎర్రగా మఖమల్ గుడ్డలా కనిపించే ఆరుద్ర పురుగుకు ఎనిమిది కాళ్ళు, కాబట్టి అది సాలీడు చుట్టం. శాస్త్రవేత్తలు ఇప్పటిదాకా పేరు పెట్టిన కీటక జాతులు సుమారు 10 లక్షలు. పేరు పెట్టిన జీవజాతులన్నిటిలో దాదాపు సగం ఇవే. పేరు పెట్టాల్సినవి ఇంకా లక్షల్లో ఉన్నాయి. ఇన్ని రకాలు ఎలా వచ్చాయి? మేము చదివినంతలో మూడు పెద్ద మలుపులు కనిపించాయి.

మొదటిది రెక్క. గాలిలోకి లేచిన మొదటి ప్రాణి పక్షి కాదు, కీటకం. పక్షులు పుట్టడానికి 15 కోట్ల ఏళ్ళకు పైగా ముందే కీటకాలు ఎగిరాయి. 30 కోట్ల ఏళ్ళ నాటి ఒక తూనీగ చుట్టం శిలాజం ఫ్రాన్స్ బొగ్గు గనుల్లో దొరికింది. రెక్కలు చాపితే దాదాపు మూరన్నర! రెక్క వచ్చాక కొత్త చోటికి, కొత్త తిండికి దారి దొరికింది.

రెండోది రూపం మార్చుకోవడం. దసలి పట్టు పురుగును చూడండి. పురుగుగా ఉన్నన్నాళ్ళు మద్ది ఆకు నములుతుంది. గూడు చీల్చుకుని చిలుకగా వచ్చాక అసలు తిండే తినదు, జతకట్టి గుడ్లు పెట్టి పోతుంది. తల్లికీ పిల్లకూ తిండి దగ్గర పోటీ లేదు. ఈనాటి కీటక జాతుల్లో పదింట ఎనిమిదికి పైగా ఇలా గుడ్డు, పురుగు, గూడు, రెక్కల పురుగు అనే నాలుగు దశలు దాటేవే.

మూడోది పువ్వు. సుమారు 13 కోట్ల ఏళ్ళ కిందట పూల మొక్కలు విస్తరించడం మొదలైంది. వేటాడే కందిరీగల వంశంలోంచే పుప్పొడి తినే తేనెటీగలు వచ్చాయి. మొక్క తనను తాను కాపాడుకోవడానికి ఆకులో విషం నింపింది. దాన్ని తట్టుకోవడం కొన్ని పురుగులు నేర్చాయి. మన చేల గట్ల మీది జిల్లేడునే తీసుకోండి. మేక కూడా దాని జోలికి పోదు. కానీ నారింజ రంగు సీతాకోకచిలుక ఒకటి దాని మీదే గుడ్లు పెడుతుంది. దాని గొంగళి ఆ ఆకు తిని, విషాన్ని ఒంట్లో దాచుకుని, పిట్టల నుంచి తప్పించుకుంటుంది. ఒకటి మారితే రెండోది మారింది. అది మారితే మళ్ళీ ఇది మారింది. రకాలు పెరగడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి.

ఇప్పుడు ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు వద్దాం.

మేడికాయ మనం అనుకునే కాయ కాదు. అది లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. లోపలి గోడ నిండా వందల, వేల చిన్న పూలు. తొడిమకు ఎదురుగా ఉండే కొనలో సన్నని ద్వారం ఉంటుంది, పొలుసులతో మూసుకుని. పూలు సిద్ధమైనప్పుడు కాయ ఒక వాసన వదులుతుంది. ఆవగింజంత ఆడ కందిరీగ ఆ వాసన పట్టుకుని వచ్చి ఆ సందులోంచి దూరుతుంది. దూరేటప్పుడు రెక్కలు తెగిపోతాయి. ఇక తిరిగి రాదు. తను పుట్టిన కాయ నుంచి తెచ్చిన పుప్పొడిని పూలకు అద్ది, కొన్ని పూలలో గుడ్లు పెట్టి, అక్కడే చనిపోతుంది. గుడ్డు పడిన పూలలో పిల్లలు పెరుగుతాయి, మిగిలిన పూలు గింజ కడతాయి. ముందు మగవి బయటికొస్తాయి, వాటికి రెక్కలుండవు. జతకట్టి, ఆడవాటికి దారి తొలిచి పోతాయి. ఆడవి పుప్పొడి నింపుకుని ఎగిరిపోతాయి. కాయ పండేది ఆ తర్వాతే.

మేడిపండు పేరు చెప్పి, పైకి ఒకటి లోపల ఒకటి అని మనుషుల్ని తిడతారు. కానీ ఆ పురుగు లేకపోతే మేడికి గింజ లేదు, మేడి లేకపోతే ఆ పురుగుకు పిల్లల్లేరు.

ప్రపంచంలో ఈ వంశపు చెట్లు 750 జాతుల దాకా ఉన్నాయి. మర్రి, రావి, జువ్వి, మేడి, బొమ్మమేడి అన్నీ ఆ వంశమే. దాదాపు ప్రతిదానికీ తనదైన కందిరీగ ఉంది. ఈ పొత్తు రాక్షసబల్లుల కాలం నాటిదని అంచనా. ఇంగ్లండ్ పక్కనున్న వైట్ దీవిలో 3.4 కోట్ల ఏళ్ళ నాటి శిలాజం ఒకటి దొరికింది. మొదట చీమ అనుకున్నారు. 2010లో మళ్ళీ పరిశీలిస్తే అది ఈ కందిరీగే, ఇప్పటిదానిలాగే ఉంది. ఈ చెట్ల పండ్లు తిని బతికే పక్షులు, జంతువులు వెయ్యి జాతులకు పైనే.

ఇది తెలిశాక మిగిలిన చెట్టును చూస్తే మాకు బెంగ పట్టుకుంది. ఆ ఆడ కందిరీగ బతికేది ఒకటి రెండు రోజులు. ఆలోగా సరైన దశలో కాయలున్న ఇంకో మేడి చెట్టు దొరకాలి. అందుకే ఒక్క చెట్టును ఉంచితే సరిపోదు, వేర్వేరు వేళల్లో కాసే చెట్లు చాలా ఉండాలి. 1998లో బోర్నియో దీవిలోని లంబీర్ కొండల అడవిలో గట్టి కరువు వచ్చింది. ఈ వంశపు కొన్ని చెట్లు కాయడం ఆపాయి. కాయలు లేని ఆ కొద్దికాలానికే కొన్ని రకాల కందిరీగలు అక్కడ లేకుండా పోయాయి. కోట్ల ఏళ్ళ పొత్తు కూడా తెగడానికి ఎంతో సమయం పట్టదు. మాకు ఒక పూట పట్టింది.

పిల్లలతో కలిసి వాగు వెంట నడిచి చూశాం. మిగిలిన మేడి చెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. మిగతా గట్టంతా నీటి అంచు దాకా జామాయిలు.

జామాయిలు వేయొద్దని మేము చెప్పం. మాకు నెల తిరిగేసరికి జీతం వస్తుంది, మీ ఇంటికి రాదు. ఆ సంగతి తెలిసే రెండు మాటలు అడుగుతున్నాం.

ఒకటి, చేను మీ ఇష్టం, వాగు గట్టును వదలండి. అక్కడ మేడి, మద్ది, నేరేడు ఉండనివ్వండి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సామూహిక అడవిని కాపాడుకునే హక్కు గ్రామసభకు ఇచ్చింది. పెద్దలు మాట్లాడతారులే అని వెనక కూర్చోకండి, సభలో లేచి మాట్లాడండి.

రెండు, మీ అవ్వ, తాతలకు తెలిసిన పేర్లు రాసి పెట్టండి. ఏ చెట్టు ఏ నెలలో పూస్తుంది, ఏ ఈగ ఏ పువ్వు మీద వాలుతుంది, ఉసుళ్ళు ఎప్పుడు లేస్తాయి, మన భాషలో వాటిని ఏమంటారు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీల్లో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. దాన్ని మీకంటే బాగా ఎవరు రాయగలరు? పట్నం కాలేజీకి వెళ్ళిన మా పాత విద్యార్థిని ఒకతె ఉసుళ్ళు వేయించుకుని తింటామని చెబితే స్నేహితులు ముఖం చిట్లించారట. అప్పటి నుంచి ఇంటి సంగతులు చెప్పడమే మానేసిందట. ఆ అమ్మాయికీ, మీకూ మా మాట ఒక్కటే: పురుగు పేరు తెలిసినందుకు సిగ్గుపడకండి. తెలియక చెట్టు కొట్టించినందుకు మేము సిగ్గుపడుతున్నాం.

ఆ ఏడాది వానలకు పిల్లలూ మేమూ గట్టు పొడవునా మేడి కొమ్మలు నాటాం. ఎండలకు కొన్ని పోయాయి, కొన్ని నిలిచాయి. మేము బదిలీ అయి వచ్చేనాటికి అవి ఇంకా కాపుకు రాలేదు. వాటి మీదికి కందిరీగ వచ్చిందో లేదో ఆ ఊరి పిల్లలే చూసి మాకు చెప్పాలి.

ఈసారి మేడి చెట్టు కనిపిస్తే ఒక కాయ విప్పి చూడండి. చూసింది మీ చెల్లికి, తమ్ముడికి కూడా చూపించండి.

సెలవు. జై ఆదివాసీ.