ఛాతీ అప్పిచ్చేవాళ్లు

ఉపన్యాసం అనగానే ముందు వరుసలోని పెద్దలు కుర్చీల్లో సర్దుకుని కూర్చున్నారు. వెనక నిలబడ్డ కరాటే క్లాసు పిల్లలు మాత్రం తెల్ల దుస్తుల్లో అటూ ఇటూ కదులుతూనే ఉన్నారు. వాళ్ల కోసం మొదట పొడుపుకథ లాంటి ప్రశ్న ఒకటి.

జపాన్‌కు నైరుతి కొసన ఉన్న ఫుకువోకాలో సుమారు నాలుగు వందల ఏళ్ల నాటి కర్రవిద్య ఇంకా బతికే ఉంది. పేరు షింతో ముసో ర్యూ. కర్ర పొడవు 128 సెంటీమీటర్లు, మన కర్రసాము కర్ర కంటే బాగా పొట్టి. సాధనకు ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. ఒకరి చేతిలో కర్ర, మరొకరి చేతిలో చెక్క కత్తి. కత్తి పట్టినవారికి ముప్పై ఏళ్ల అనుభవం. కర్ర పట్టినవాడు నిరుడు చేరిన కుర్రాడు. గెలుపెవరిది?

కుర్రాడిదే. ఈరోజూ అతనే గెలుస్తాడు, రేపూ అతనే గెలుస్తాడు. ఆ విద్యలో అరవైకి పైగా కటాలున్నాయి. కటా అంటే ముందే కూర్చిన ఎత్తులూ పైఎత్తుల వరస. వాటిలో కత్తి మీదికి వస్తుంది, కర్ర దాన్ని అణుస్తుంది. దాడి చేసి ఓడే పాత్రను ఉచిదాచి అంటారు, ఎదుర్కొని గెలిచే పాత్రను షిదాచి అంటారు. ఓడే పాత్ర ఎప్పుడూ సీనియర్‌దే. జపాన్ పాత కత్తివిద్యా సంప్రదాయాలు చాలావాటిలో ఇదే ఏర్పాటు. బయటినుంచి చూసేవాళ్లకు తలకిందులుగా కనిపిస్తుంది. మన సినిమాల్లో పెద్ద పహిల్వాన్ పదిమందిని గాల్లోకి లేపుతుంటే, కొత్తగా చేరినవాడు నోరు తెరిచి చూస్తుంటాడు కదా.

ఎందుకిలా పెట్టారు? కత్తి కుర్రాడి నుదుటికి సూటిగా రావాలి. తప్పుకోకపోతే తగిలి తీరాలి. పాపం చిన్నవాడని సీనియర్ జాలిపడి కత్తిని బెత్తెడు పక్కకు దించాడనుకుందాం. రాని దెబ్బను తప్పించుకోవడమే కుర్రాడికి అలవాటవుతుంది. పదేళ్ల తర్వాత నిజమైన దెబ్బ వచ్చిన రోజున ఆ అలవాటే వాడి కొంప ముంచుతుంది. పోనీ, సీనియర్‌కు పంతం వచ్చిందనుకుందాం. తర్వాతి అడుగేమిటో ఆయనకు ముందే తెలుసు. మణికట్టు కాస్త తిప్పితే చాలు, కుర్రాడు ఎన్నిసార్లు చేసినా తప్పే అవుతుంది. జాలిపడటం తేలిక, పంతానికి పోవడం ఇంకా తేలిక. నిజంగా కొట్టి, తగిన క్షణంలో నిజంగా ఓడిపోవడానికే ఏళ్ల సాధన కావాలి. అందుకే ఆ పని అనుభవజ్ఞుడికి అప్పజెప్పారు.

ఈ విద్యకు మూలపురుషుడుగా చెప్పుకునే ముసో గొన్నొసుకె కథ కూడా ఓటమితోనే మొదలవుతుంది. 17వ శతాబ్దం తొలినాళ్లలో పేరుమోసిన ఖడ్గవీరుడు మియమొతో ముసాషి చేతిలో ఓడిపోయి, కొండమీద గుడిలో తపస్సులా గడిపి, పొట్టికర్రను కనిపెట్టాడట. ఐతిహ్యమే, దస్తావేజు కాదు. అయినా నాలుగు వందల ఏళ్లుగా శిష్యులు చెప్పుకోవడానికి ఎంచుకున్న కథ ఓడిపోయినవాడిది కావడం గమనించదగ్గ సంగతి.

సీనియర్‌ను జపాన్‌వాళ్లు సెంపాయ్ అంటారు, జూనియర్‌ను కొహై అంటారు. విడదీసి చూస్తే ముందు వచ్చినవాడు, వెనక వచ్చినవాడు అనే అర్థాలు వస్తాయి. లెక్క చేరిన తేదీదే, వయసుది కాదు. నలభై ఏళ్ల బ్యాంకు మేనేజరు కొత్తగా కరాటేలో చేరితే, మూడేళ్ల ముందు చేరిన పద్నాలుగేళ్ల అబ్బాయి ఆయనకు సెంపాయ్. నిలబడే వరసలో ఆ అబ్బాయిదే ముందు చోటు. బెల్టు ముడి ఎలా వేయాలో, గురువుగారికి ఎప్పుడు వంగి నమస్కరించాలో, తడిబట్టతో నేల ఎలా తుడవాలో మేనేజరుగారు ఆ అబ్బాయిని చూసే నేర్చుకోవాలి. గురువు ఒక్కడు, శిష్యులు ముప్పైమంది. ముప్పైమందికీ ఎదురు నిలబడి దెబ్బ అందించడం ఏ గురువు వల్లా కాదు.

ఇక సుమో సంగతి. టీవీలో చూసి లావుపాటివాళ్ల తోపులాట అనుకుని నవ్వుకునేవాళ్లు ఒక్కసారి తెల్లవారుజామున సుమో గోదాకు వెళ్లి చూడాలి. చీకటితోనే చిన్నవాళ్లు ఇసుక చల్లిన మట్టి వలయంలోకి దిగుతారు, పైశ్రేణివాళ్లు పొద్దెక్కాక వస్తారు. సాధన చివర్లో ఒక తంతు ఉంటుంది. సీనియర్ వలయంలో కాళ్లు పాతుకుని ఛాతీ ఎదురుపెట్టి నిలబడతాడు. చిన్నవాడు ఆ ఛాతీని గుద్దుకుని, వలయం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఆయన్ని నెట్టుకుపోవాలి. పాదాలు నేలమీద గీతలు గీస్తుంటాయి. చివర్లో సీనియర్ మెడ మీద చెయ్యేసి దొర్లిస్తాడు, వాడు లేచి మళ్లీ వస్తాడు. ఊపిరి అందక, ఒళ్లంతా మట్టి అంటుకుని, ఇక చాలనిపించాక కూడా. దీన్ని పెద్దవాడి వైపు నుంచి 'ఛాతీ ఇవ్వడం' అంటారు, చిన్నవాడి వైపు నుంచి 'ఛాతీ అప్పు తీసుకోవడం' అంటారు.

అప్పు అన్నాక తీర్చాలి. అదెలాగో తెలిస్తే మనవాళ్లు ఆశ్చర్యపోతారు. కాళ్లు మొక్కితే తీరదు, స్వీటు బాక్సు పట్టుకెళ్తే తీరదు. ఛాతీ అప్పిచ్చిన పెద్దవాణ్ణి నిజమైన పోటీలో, జనం ముందు ఓడించాలి. సుమోలో దానికి 'ఒన్‌గాయెషి' అని పేరు. ఋణం తీర్చుకోవడం అని అర్థం.

ఈ మాట నిజజీవితంలో ఎంత దూరం పోతుందో చెప్పే కథ ఒకటుంది. 1970లలో తకనోహన అనే ఒజెకి ఉండేవాడు. ఒజెకి అంటే పైనుంచి రెండో హోదా. సుమో లెక్కల్లో తేలికపాటి శరీరం, జనానికి ప్రాణం. అదే రోజుల్లో హొక్కైదో నుంచి వచ్చిన చియోనోఫుజి అనే కుర్రాడు భుజం కీలు మాటిమాటికీ జారిపోతూ అవస్థపడేవాడు. ఇద్దరివీ వేరువేరు శిబిరాలు, అంటే మల్లులు కలిసి ఉంటూ సాధన చేసే చోట్లు. అయినా తకనోహన ఆ కుర్రాణ్ణి పిలిచి, సిగరెట్లు మానితే ఒళ్లు పెరుగుతుందని సలహా ఇచ్చాడు. కుర్రాడు మానేశాడు, కండ పెంచాడు. 1981 జనవరి టోర్నమెంటులో చియోనోఫుజి తొలిసారి విజేత అయ్యాడు. అదే టోర్నమెంటు మధ్యలో తకనోహన రిటైరయ్యాడు. ఆ ఏడాదిలోనే చియోనోఫుజి అత్యున్నత హోదా అయిన యోకోజునాకు చేరాడు, రిటైరయ్యేలోపు మొత్తం 31 టోర్నమెంట్లు గెలిచాడు.

పదేళ్లు గడిచాయి. 1991 మే 12న, టోర్నమెంటు తొలిరోజున, ముప్పై ఐదేళ్ల చియోనోఫుజి ఎదుట పద్దెనిమిదేళ్ల తొమ్మిది నెలల కుర్రాడు నిలబడ్డాడు. తకనోహన చిన్నకొడుకు, అప్పటి పేరు తకహనద. కుర్రాడు గెలిచాడు. మూడో రోజున చియోనోఫుజి తకతోరికి అనే మరో మల్లుడి చేతిలోనూ ఓడిపోయి, ఆ రాత్రే రిటైర్మెంటు ప్రకటించాడు. తకతోరికి కూడా తకనోహన శిబిరంలో తయారైనవాడే. సినిమాకు రాస్తే అతిగా ఉందని నిర్మాత కొట్టేసే కథ ఇది.

అయితే సీనియర్ గొప్పతనమంతా మంచితనంలోనే ఉంటుందనుకోకండి. కొన్నిసార్లు ఊరికే కొరకరాని కొయ్యగా ఉండటమే ఆయన చేసే ఉపకారం. 1877లో టోక్యోలో పదహారు పదిహేడేళ్ల విశ్వవిద్యాలయ విద్యార్థి, బక్కపలచటి కానో జిగోరో, ఫుకుడా హచినోసుకె అనే గురువు దగ్గర జుజుత్సులో చేరాడు. ఈ పట్టు ఎలా వేశారో చెప్పండని అడిగితే, గురువు ఇలా రమ్మని పిలిచి మళ్లీ ఎత్తి పడేసేవాడు. వివరించడం ఆయన పద్ధతి కాదు. అక్కడే ఫుకుషిమా అనే భారీకాయుడు, సీనియర్. కానో ఏం చేసినా ఆయన కదిలేవాడు కాదు. సుమో తెలిసినవాళ్లను అడిగి ఆ పట్లు వేసి చూశాడు, పనిచెయ్యలేదు. చివరికి గ్రంథాలయానికి వెళ్లి పాశ్చాత్య కుస్తీ పుస్తకాలు తిరగేశాడు. మనిషిని భుజాల మీదికి ఎత్తుకుని అవతలికి దొర్లించే పట్టు ఒకటి అందులో దొరికింది. దాన్ని సాధన చేసి, ఒకరోజు ఫుకుషిమాను అలాగే ఎత్తి పడేశాడు. భుజాల చక్రం అనే అర్థంలో కతగురుమ అని పిలిచే ఆ పట్టు జూడోలో విసుర్ల కటాలో మూడోది. ఇప్పటికీ నేర్పుతారు. ఫుకుషిమా కాస్త తేలికైన మనిషి అయ్యుంటే కానో లైబ్రరీ మెట్లు ఎక్కేవాడు కాడేమో.

1882లో ఇరవై రెండేళ్లు కూడా నిండకుండానే కానో టోక్యోలో ఎయ్‌షోజి అనే గుడిలో పన్నెండు చాపలు పరిచి కొడోకాన్ మొదలుపెట్టాడు. జూడోకు అదే పుట్టిల్లు. మరుసటి ఏడాది సైగో షిరో, తొమిత త్సునెజిరో అనే ఇద్దరు శిష్యులకు షోదన్ అనే తొలి మెట్టు ఇచ్చాడు. నడుముకు నల్ల బెల్టు ఆ తర్వాత కొన్నేళ్లకు వచ్చింది. అంతకుముందు పాత విద్యల్లో స్థాయిని బట్టి చుట్టచుట్టిన పత్రాలు రాసిచ్చేవారు, వాటిని ఇంట్లో దాచుకునేవారు. బెల్టు వచ్చాక కొత్తవాడు తలుపు తీసి లోపలికి రాగానే ఎవరిని అడగాలో, ఎవరి పక్కన నిలబడాలో కళ్లకే కనబడసాగింది. ఇప్పుడు మన వీధుల్లో ఆరేళ్ల పిల్లలకు కూడా ఆరునెలలకో రంగు కట్టి ఫీజు వసూలు చేస్తున్నారు. అది వేరే ఉపన్యాసం.

జూడోలో కొత్తవాడు మొదట నేర్చుకోవలసింది పడటం. గడ్డం ఛాతీకి ఆనించి, తల నేలకు తగలకుండా, చేత్తో చాపను చరుస్తూ పడాలి. దానికి ఎదురుగా సీనియర్ చెయ్యవలసిన పని ఒకటుంది. ఎత్తి విసిరాక కూడా చిన్నవాడి చొక్కా చెయ్యి వదలకూడదు. ఆఖరి క్షణంలో దాన్ని పైకి లాగితే చిన్నవాడి తల నేలకు తగలదు. టోర్నమెంటులో పాయింటు ఇచ్చేవాళ్లు దాన్ని చూడరు, పడ్డవాడి మెడకు మాత్రం తెలుస్తుంది.

ఇదంతా జరగని చోట ఏమవుతుందో కూడా జపాన్ చరిత్రలోనే ఉంది. 1983 తర్వాత మూడు దశాబ్దాల లోపే అక్కడి బడుల్లో జూడో వల్ల వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. ఎక్కువమంది తలకు దెబ్బ తగిలినవాళ్లు, అందులోనూ మొదటి ఏడాదివాళ్లు. ఇంకా పడటం రానివాళ్లను ఎవరో ఒకరు బలంగా విసిరారన్నమాట. సుమోలో కఠిన సాధన పేరిట కొట్టడానికి 'కవాయిగరి' అనే మాట ఉంది. అక్షరాలా ముద్దు చెయ్యడం అని అర్థం. 2007 జూన్‌లో ఒక శిబిరంలో కొత్తగా చేరిన పదిహేడేళ్ల కుర్రాడు ఆ ముద్దుకు ప్రాణం పోగొట్టుకున్నాడు. మొదట గుండెజబ్బు అన్నారు. కుటుంబం పట్టుబట్టి శవపరీక్ష చేయించాక నిజం బయటపడింది. శిబిరాధిపతికి జైలుశిక్ష పడింది. ఆయన మాట మీద చెయ్యి చేసుకున్న ముగ్గురు సీనియర్లకూ శిక్ష పడింది, అమలు మాత్రం నిలిపివేశారు. ఛాతీ అప్పిచ్చే వలయమూ అదే, ఈ ఘోరం జరిగిన వలయమూ అదే. సంప్రదాయమని పేరు పెట్టగానే చేతులు జోడించే అలవాటు మనకూ ఎక్కువే కాబట్టి ఈ సంగతి కాస్త గట్టిగానే చెప్పాలి.

మన దగ్గర ఈ సంబంధం లేదా అంటే, ఉంది. పీర్ల పండగకూ దసరా ఊరేగింపుకూ కర్రలు తిప్పే తాలింఖానాలను మీలో పెద్దవాళ్లు చూసే ఉంటారు. తాలీం అంటే అరబ్బీలో చదువు చెప్పడం. తాలింఖానా అంటే అచ్చంగా బడి. కొల్హాపూర్‌లో కుస్తీ గోదాలను ఇప్పటికీ తాలీం అనే పిలుస్తారు. అక్కడ పెద్ద పహిల్వాన్ చిన్నవాళ్లకు 'జోర్' ఇస్తాడు. ఎర్రమట్టిలో ఒకరి తర్వాత ఒకరితో పట్టుపట్టి, వాళ్ల బలం ఎంతో తన ఒంటిమీద చూసుకుని, అంతకంటే ఒక్క పిసరు ఎక్కువ బలం ఎదురుపెడతాడు. ఉత్తరాంధ్ర సాముగరిడీలో కూడా పెద్ద కర్రవాడు తన వేగాన్ని చిన్నవాడి వేగానికి తగ్గించి తిప్పడం, తర్వాత నెమ్మదిగా పెంచడం గమనించే కళ్లకు కనిపిస్తుంది.

వేసవి సెలవులు వస్తున్నాయి, పిల్లల్ని ఎక్కడ చేర్చాలని అడిగే తల్లిదండ్రులు ఈ సభలో ఉన్నారు. గోడమీద కప్పులూ సర్టిఫికెట్లూ కాసేపు పక్కన పెట్టండి. ఒక సాయంత్రం అరగంట బెంచీ మీద కూర్చుని చూడండి. నల్ల బెల్టువాడు తెల్ల బెల్టువాడితో ఉన్నప్పుడు ఎవరు ఎక్కువసార్లు కింద పడుతున్నారో లెక్కపెట్టండి. కొత్తవాడికి మొదటి వారాల్లో పడటం నేర్పుతున్నారో లేదో చూడండి. తలకు దెబ్బ తగిలి నొప్పి అన్న పిల్లాణ్ణి ఆరోజుకు ఆపి ఇంటికి పంపుతున్నారో, ఓర్చుకోమంటున్నారో అడిగి తెలుసుకోండి. ఫీజు ఆ తర్వాత కట్టండి.