కాంక్రీటు పోయకముందే చూడాలి: నేపాల్ భూకంపం మనకు చెప్పే మాట



మొన్న శుక్రవారం క్యాంపు మెస్ హాల్లో నేను మాట్లాడిన మాటలివి. డ్యూటీ ఉండి రాలేనివాళ్లు అడిగారు, అందుకే రాసి గ్రూపులో పెడుతున్నా. నేను పదో తరగతి వరకే చదివాను, ఇంజనీర్ని కాను. సెంట్రింగ్ హెల్పర్‌గా మొదలుపెట్టి ఇరవై ఏళ్లుగా సైట్ల మీదనే ఉన్నా. కళ్లారా చూసింది, తెలిసినవాళ్లను అడిగి నేర్చుకున్నది మాత్రమే చెబుతా.

2015 ఏప్రిల్ 25, శనివారం. ఇక్కడ ఖతార్‌లో ఉదయం తొమ్మిది దాటింది. స్లాబుకు సలాక కడుతున్నారు. నా గ్యాంగులో సగం మంది నేపాలీ భాయ్‌లు. ఒకరి ఫోన్ మోగింది, తర్వాత ఇంకొకరిది. కాసేపట్లో అందరూ పని వదిలి ఫోన్లు చెవికి పెట్టుకున్నారు. ఒక్కరికీ లైన్ కలవలేదు. ఆ రోజు పని ఆపమని ఎవరూ చెప్పలేదు, కానీ దానంతట అదే ఆగిపోయింది.

వాళ్లలో ఒక స్టీల్ ఫిక్సర్‌ది సింధుపాల్‌చోక్ జిల్లా. ఎనిమిదేళ్ల గల్ఫ్ సంపాదనతో ఊళ్లో ఇల్లు లేపాడు. రాతి గోడలు, మట్టి మాలు. కింద ఉన్న పాత ఇంటి మీదనే డబ్బు వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెంగా పై అంతస్తు కట్టించాడు. ఆ ఇల్లు కూలి వాళ్లమ్మ చనిపోయింది. శనివారం నేపాల్‌లో బడికి సెలవు. పిల్లలు బయట ఆడుకుంటున్నారు, అందుకే బతికారు. అతను ఊరికి పోయి వచ్చిన తర్వాత నాతో ఒక మాట అన్నాడు:

"సాబ్, ఇక్కడ ఒక్క రింగు తక్కువైతే నువ్వు విప్పించి మళ్లీ కట్టిస్తావు. మా అమ్మ పడుకునే ఇంట్లో ఒక్క సలాక కూడా లేదు."

ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే ఈ సంగతి మాట్లాడాలనుకున్నా.

ఆ రోజు నేపాల్‌లో వచ్చిన భూకంపం తీవ్రత 7.8. గోర్ఖా జిల్లా బార్‌పాక్ దగ్గర మొదలైంది. మళ్లీ మే 12న 7.3తో ఇంకొకటి వచ్చింది. దాదాపు 9,000 మంది చనిపోయారు. ఒక్క సింధుపాల్‌చోక్‌లోనే మూడున్నర వేల మందికి పైగా పోయారు. సుమారు 5 లక్షల ఇళ్లు పూర్తిగా కూలిపోయాయి. వాటిలో ఎక్కువ భాగం మట్టితో కట్టిన రాతి గోడల ఇళ్లే.

మన దేశం కింద ఉన్న భూమి పలక ఉత్తరానికి జరుగుతూ హిమాలయాల కిందికి తోసుకుపోతూనే ఉంటుంది. ఆ ఒత్తిడి పేరుకొని పేరుకొని ఒక రోజు తెగుతుంది. 1934లో తెగింది, 2015లో తెగింది. దాన్ని ఎవరూ ఆపలేరు. ఏ రోజు వస్తుందో కూడా ఎవరూ చెప్పలేరు. ఫలానా తారీకున భూకంపం అని వాట్సాప్‌లో వచ్చే మెసేజులు నమ్మొద్దు, ముందుకు పంపొద్దు.

భూమి ఊగితే మనిషి చనిపోడు, మీద ఇల్లు పడితే చనిపోతాడు. 2023 నవంబరు 3 రాత్రి నేపాల్‌లోని జాజర్‌కోట్‌లో భూకంపం వచ్చింది. 2015 దానితో పోలిస్తే చాలా చిన్నది. అయినా 150 మందికి పైగా చనిపోయారు. జనం నిద్రలో ఉన్నారు, అక్కడా మట్టి మాలు రాతి గోడలే. చిన్న భూకంపమైనా బలం లేని ఇల్లు దొరికితే ప్రాణాలు తీస్తుంది.

దీనికి ఎదురు సంగతి కూడా వినండి. 2015 కంటే ముందే కాట్మండు లోయలో సుమారు 160 సర్కారు బడి భవనాలను బలపరిచారు. పాతవాటిని పడగొట్టలేదు. గోడలకు సలాక జాలీ బిగించి సిమెంటు పట్టించారు, గోడకూ గోడకూ, గోడకూ కప్పుకూ పట్టు కలిపారు. భూకంపంలో ఆ భవనాలు నిలబడ్డాయి. దేశంలో మిగతాచోట్ల వేల బడులు దెబ్బతిన్నాయి. నేపాల్ బీద దేశమే. ముందుగా చేసిన పని ఫలితం ఇచ్చిందని అక్కడే రుజువైంది.

ఇళ్లు తిరిగి కట్టేటప్పుడు సర్కారు ఇంటికి 3 లక్షల నేపాలీ రూపాయలు ఇచ్చింది. ఒకేసారి ఇవ్వలేదు, మూడు విడతల్లో ఇచ్చింది. పునాది సరిగ్గా ఉందని చూశాకనే తర్వాతి విడత. మేస్త్రీలకు శిక్షణ ఇచ్చారు. మగవాళ్లు చాలామంది మనలాగే బయటి దేశాల్లో ఉన్నారు కాబట్టి ఆడవాళ్లు కూడా తాపీ పని నేర్చుకున్నారు. పని చూసి పైసలిచ్చే ఆ పద్ధతి మనమూ పెట్టుకోవచ్చు.

"అది నేపాల్ సంగతి, మనకేంటన్నా?" అని మీటింగులో ఒక తమ్ముడు అడిగాడు. నిజమే, మన దగ్గర అంత ప్రమాదం లేదు. కానీ 1993 సెప్టెంబరు 30న తెల్లవారుజామున మన పక్కనే మహారాష్ట్రలోని కిల్లారిలో ఏం జరిగింది? దక్కన్‌లో భూకంపం రాదని అందరూ అనుకునేవారు. వేల మంది రాతి గోడల కింద నిద్రలోనే పోయారు. 1969లో భద్రాచలం దగ్గర 5.7తో వచ్చింది. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3తో వచ్చింది, హైదరాబాద్ దాకా తెలిసింది. ఆ రోజు మనలో ఎంతమంది ఇంటికి ఫోన్లు చేశామో గుర్తుందా?

ఇప్పుడు నా తప్పు చెబుతా. నేను ఊళ్లో ఇల్లు కట్టినప్పుడు నాకు 45 రోజుల సెలవు. తిరిగి వచ్చేలోపు గృహప్రవేశం కావాలని మేస్త్రీని తొందరపెట్టా. స్లాబు పోసిన ఆరో రోజే సెంట్రింగ్ తీయించా. మధ్యలో స్లాబు కిందికి వంగింది. ఇప్పటికీ మా ఆవిడ ఆ గదిలో పిల్లల్ని పడుకోనివ్వదు. ఇక్కడ సైట్‌లో ఎవడైనా అలా చేస్తే ఆ రోజే పనిలోంచి తీసేసేవాణ్ణి. పరాయివాళ్ల భవనానికి చూపించిన జాగ్రత్త నా ఇంటికి చూపించలేదు. కాబట్టి ఇంటికి పైసలు పంపేవాళ్లు ఇవి గుర్తుపెట్టుకోండి.

ఒకటి. పని మొత్తం గుత్తకిచ్చి పైసలన్నీ ఒకేసారి ఇవ్వొద్దు. పునాది, పిల్లర్లు, స్లాబు... ఒక్కోటి చూశాకనే తర్వాతి పైసలు.

రెండు. పిల్లరు రింగు కొస 90 డిగ్రీలకు వంచి వదిలితే ఊగినప్పుడు విచ్చుకుంటుంది. 135 డిగ్రీలు వంచి కొసను లోపలికి పంపాలి. బీము కలిసే చోట పైనా కిందా రింగులు దగ్గర దగ్గరగా, నాలుగు ఇంచులకు ఒకటి ఉండాలి. ఇది మీలో చాలామంది ఇక్కడ రోజూ చేసే పనే.

మూడు. పిల్లర్లు లేకుండా గోడల మీదనే కప్పు వేస్తుంటే పునాది మీద, కిటికీ తలుపుల మీద, కప్పు కింద ఇల్లంతా చుట్టూ తిరిగే బెల్టు వేయించండి. తలుపు మీద మాత్రమే వేసే ముక్క బెల్టు చాలదు. రాతి గోడ అయితే రెండు మూలల రాళ్లు ఒకదానిలో ఒకటి పట్టుకోవాలి. గోడ మందమంతా దాటే పొడవు రాయి మధ్యమధ్యలో పడాలి.

నాలుగు. కాంక్రీటు జారుతుందని నీళ్లు ఎక్కువ పోయనివ్వొద్దు. పోసిన తర్వాత తక్కువలో తక్కువ పది రోజులు తడి ఆరనివ్వొద్దు. పద్నాలుగు రోజులకంటే ముందు స్లాబు కింది బల్లీలు తీయొద్దు. సెలవు అయిపోతే అయిపోనివ్వండి, గృహప్రవేశం వీడియో కాల్‌లో చూడొచ్చు.

ఐదు. పాత ఇంటి మీద అంతస్తు వేసేముందు ఇంజనీరుకు చూపించండి. ఆయన ఫీజు మీ స్లాబు సిమెంటు ఖర్చు ముందు చిన్నది.

ఇంకొక మాట. ఆపద వచ్చినప్పుడు ఫోన్లు కలవవు. కాల్ పోకపోయినా చిన్న మెసేజ్ పోవచ్చు. కాబట్టి ఇంట్లో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి: భూమి ఊగితే బల్ల కిందికి దూరి తల కాపాడుకోవాలి, ఆగిన తర్వాత బయటి ఖాళీ జాగాకు రావాలి. ముసలివాళ్లను ఎవరు తీసుకురావాలి? అందరూ ఎక్కడ కలవాలి? దూరంలో ఉన్న ఏ చుట్టానికి "బాగున్నాం" అని మెసేజ్ పెట్టాలి? వరదకైనా తుఫానుకైనా ఇదే పనికొస్తుంది. ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వితే నీళ్లు రావు.

మన సైట్‌లో రోజూ పొద్దున టూల్‌బాక్స్ మీటింగ్ పెడతారు. చాలామందికి అది నిద్రపోయే టైమ్, నాకు తెలుసు. అక్కడ చెప్పేదాన్ని ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఒక్కసారి మన వాళ్లకు చెప్పండి.

ఆ నేపాలీ భాయ్ తర్వాత చిన్న ఇల్లు కట్టుకున్నాడు. ఒకటే అంతస్తు, రెండు గదులు. ఆ ఇల్లు చూపించమంటే గృహప్రవేశం ఫొటో చూపించలేదు. పునాది బెల్టుకు సలాక కట్టిన ఫొటో చూపించాడు.

ఊళ్లో ఇంటి పని నడుస్తున్నవాళ్లు అలాంటి ఫొటోనే గ్రూపులో పెట్టండి. నాతోపాటు మన స్టీల్ ఫిక్సర్లు, మేస్త్రీలు చూసి చెబుతారు, పైసలేమీ తీసుకోం. కాంక్రీటు పోశాక పెడితే మాకేమీ కనిపించదు, పోయకముందే పెట్టండి.

ఉంటా.