గుడ్డపై అక్షరం నిలవాలంటే
(మహాసభ వాలంటీర్ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



1974 రైల్వే సమ్మె నాటి పెద్దలు మాకు సైక్లోస్టైల్ యంత్రం నేర్పారు. స్క్రీన్ ప్రింటింగు సూత్రమూ అదే. తెరచిన చోట రంగు దిగుతుంది, మూసిన చోట ఆగుతుంది. మైనపు స్టెన్సిల్‌కు బదులు ఇక్కడ చట్రానికి బిగించిన సన్నని మెష్ గుడ్డ ఉంటుంది. దానిపై ప్రత్యేకమైన పూత పూసి, నల్లని అక్షరాల ఫిల్మునుంచి వెలుతురు చూపుతారు. వెలుతురు సోకిన పూత గట్టిపడుతుంది. అక్షరాల క్రిందిది నీటితో పోతుంది. అట్ట కోసి అచ్చువేస్తే మన ‘ర’, ‘ఠ’ల నడిమి ముక్క రాలిపోతుంది. మెష్ దానిని నిలిపి ఉంచుతుంది. ఆపైన స్క్వీజీ అనే రబ్బరు పట్టీతో రంగును లాగుతారు. ఎన్ని రంగులైతే అన్ని చట్రాలు.

ఒక ఊరేగింపులో వాన కురిసి మా బ్యానర్ల అక్షరాలు చెదరిపోయాయి. అచ్చువేసిన కార్మికుని నిందించాము. తప్పు మాది. పిగ్మెంటు రంగులోని జిగురు నూలుగుడ్డను పట్టుకోవాలంటే, ఆరిన తరువాత సుమారు 150 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కొన్ని నిమిషాలు తగలాలి. రాత్రి పని అప్పగించి తెల్లవారేసరికి బ్యానర్లు కావాలన్నది మేమే!

మరొక మాట. కొన్నిచోట్ల ఆ పూతలో నేటికీ డైక్రోమేటు కలుపుతారు. అది చర్మాన్ని పుండ్లు చేస్తుంది, క్యాన్సర్ కారకం కూడా. అది లేని పూతలు దొరుకుతున్నాయి. ఈ మహాసభ బ్యానర్లను పది రోజుల ముందే అప్పగిస్తున్నాము. పూత ఏది, చేతితొడుగులున్నవా అని మన వాలంటీర్లే వెళ్ళి చూసిరావాలి.